బండి ఆగితే బండి దగ్గరే ఉండండి నాయనా

కెనడాలో మంచుబండ్లు తోలే మన తిరుపతి, చిత్తూరు పిల్లలకూ, వాళ్ల గ్రూపు నడిపేవాళ్లకూ బహిరంగ లేఖ

నాయనలారా,

మొన్న షాపులో ఒక పాత ఆర్‌ఎక్స్ 100 సిలిండర్ విప్పుకుని కూర్చున్నాను. చేతుల నిండా నూనె. మా మేనల్లుడు వాట్సాప్‌లో ఏదో వీడియో పంపితే, షాపులో పనిచేసే కుర్రాడు ఫోన్ నా మొహం ముందు పెట్టి చూపించాడు. మీ గ్రూపులో తిరుగుతున్న వీడియోనే. నలుగురు పిల్లలు, రెండు స్నోమొబైళ్లు, అవే మంచుబండ్లు. ఒకటి అడవి మధ్యలో ఆగిపోయింది. ఇద్దరు రెండో బండి ఎక్కి సాయం తెస్తామని వెళ్లారు, వెళ్లినవాళ్లకు దారిలో పెట్రోలు అయిపోయింది. మిగిలిన ఇద్దరు ముప్పావు గంట చూసి, చలికి ఆగలేక, బండి అక్కడే వదిలేసి నడవడం మొదలుపెట్టారు. చీకటి పడింది. రాత్రిపూట ట్రైల్, అంటే మంచుబండ్లు పోయే దారి, చదును చేస్తూ తిరిగే పెద్ద బండి ఉంటుంది కదా, దాని డ్రైవరు వీళ్ల ఫోన్ లైటు చూసి ఎక్కించుకున్నాడు. లేకపోతే ఏమయ్యేదో నేను రాయను, మీ అమ్మానాన్నలు కూడా ఇది చదువుతారు.

వీడియో చివర్లో నలుగురూ కాఫీ కప్పులు పట్టుకుని నవ్వుతున్నారు, వెనకాల సినిమా పాట. మా కుర్రాడు కూడా నవ్వాడు. వాడికి రెండు తిట్లు పడ్డాయి, మీకు పడాల్సినవి.

'మంచు గురించి నీకేం తెలుసు మామా, మీ ఊళ్లో ఏప్రిల్ వస్తే బండి సీటు మీద కూర్చోలేం' అంటారని తెలుసు. నిజమే. నేను 1989 నుంచి తిరుపతి కొర్లగుంటలో బైకుల షాపు నడుపుతున్నాను, నాకు తెలిసిన చలి అంతా ధనుర్మాసంలో తెల్లారుజామున కొండకు పోయేటప్పుడు చెవులకు తగిలేదే. కానీ రెండేళ్ల కిందట ఫిబ్రవరిలో మా అక్క కొడుకు దగ్గరికి కెనడాలో సడ్‌బరీ వెళ్లాను, అక్కడ వాడి బండి వెనక కూర్చుని వెళ్లాను, ఆ బండి నా కిందే ఆగిపోయింది. పైగా టూ స్ట్రోక్ ఇంజిన్‌తో ముప్పై ఏళ్లు పైగా కాపురం చేసినవాణ్ని. అందుకని కొంచెం వినండి.

ముందుగా ఒక మాట. స్నోమొబైల్‌ని షోకు బండి అనుకుంటారు మీరు. దాని మొదలు వేరు. కెనడాలోనే క్యూబెక్‌లో వాల్‌కోర్ట్ అనే చిన్న ఊళ్లో జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే అని ఒక మెకానిక్ ఉండేవాడు, సొంత గ్యారేజీ. 1934 చలికాలంలో ఆయన చిన్న కొడుక్కి అపెండిసైటిస్ వచ్చింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయి ఆసుపత్రికి చేర్చలేక ఆ పిల్లాడు పోయాడు. మంచు మీద తిరిగే బండి మీద ఆయన అంతకుముందు నుంచీ పనిచేస్తూనే ఉన్నాడు, ఆ తర్వాత ఇక వదల్లేదు. 1937లో ఏడుగురు కూర్చునే మంచుబండి తెచ్చాడు. ఇప్పుడు మీరు తోలేలాంటి చిన్నది, స్కీ డూ, వచ్చింది 1959లో. అంటే దారిలేని చోట మనిషిని ఆసుపత్రికి చేర్చాలని ఒక గ్యారేజీలో పుట్టిన బండి అది. దాన్ని అడవిలో వదిలేసి మీరు నడిచొస్తున్నారు.

ఇక లోపలి సంగతి. మా వాడి బండి పక్క మూత తీసి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే లోపల ఉన్నది మా వీధిలో కూరగాయలకు పోయే ఆడవాళ్లు తోలే యాక్టివా! యాక్టివాలో గేర్లుండవు కదా, ముందొక పుల్లీ, వెనకొక పుల్లీ, మధ్యలో రబ్బరు బెల్టు. రేజు పెంచేకొద్దీ ముందు పుల్లీ దగ్గరికి నొక్కుకుంటుంది, బెల్టు పైకెక్కుతుంది, బండి వేగం అందుకుంటుంది. స్నోమొబైల్‌లోనూ అదే కథ. తేడా ఒక్కటే, ముందు పుల్లీయే క్లచ్ పని కూడా చేస్తుంది. ఐడిలింగ్‌లో బెల్టుని వదులుగా ఉంచుతుంది, రేజు ఇస్తే పట్టుకుంటుంది. ఆ బెల్టు మీద పడే బరువు మాత్రం యాక్టివాకి ఏనుగంత. ఇంజిన్ 600, 850 సీసీ, కింద తిరిగేది చక్రం కాదు, మంచుని తవ్వుకుంటూ పోయే రబ్బరు ట్రాకు. కాబట్టి ఆ బండిలో ముందుగా చేయిచ్చేది చాలాసార్లు ఆ బెల్టే. మన దగ్గర టైరు పంక్చరు ఎలాగో అక్కడ బెల్టు తెగడం అలాగ, అందులో వింతేం లేదు.

మాకూ అదే అయింది. రెండు బండ్లు, నలుగురం. మధ్యాహ్నం మూడు దాటింది. మైనస్ 24 అని మా వాడి ఫోన్ చెప్పింది. దారి పక్క మెత్తటి మంచులో వాడి స్నేహితుడి బండి కూరుకుపోతే, దాన్ని లాగడానికి మావాడు తన బండిని కట్టి రేజు మీద రేజు ఇచ్చాడు. 'వద్దురా, వాసనొస్తోంది' అన్నాను. కాలిన రబ్బరు వాసన అది, హెల్మెట్ లోంచి కూడా తెలిసింది. వినలేదు. కూరుకున్న బండి బయటికొచ్చింది, అందరూ చప్పట్లు కొట్టారు. అక్కణ్నుంచి రెండు కిలోమీటర్లు పోయామో లేదో, బండి అడుగునుంచి ఒణుకు మొదలై, ఫట్‌మని ఒక చప్పుడు. ఇంజిన్ అరుస్తోంది, బండి కదలదు. ఈ ఒక్క గుర్తు మరిచిపోకండి: ఇంజిన్ బాగా పాడుతూ బండి కదలకపోతే నూటికి తొంభైసార్లు బెల్టే. తెగేముందు కూడా అది చెప్పే తెగుతుంది. వాసన వేస్తుంది, ఒణుకుతుంది, బయల్దేరేటప్పుడు గుంజుతుంది. మనమే వినం.

మావాడి దగ్గర కొత్త బెల్టు ఉంది. సీటు కింద కవరు కూడా విప్పకుండా ఉంది. కొని రెండేళ్లయింది, ఎలా వెయ్యాలో మాత్రం తెలీదు. 'యూట్యూబ్‌లో చూశాను మామా' అన్నాడు. చూడరా చూడు, ఇక్కడ సిగ్నలు వస్తే!

సరే, నేను కూర్చున్నాను. ముందు తాళం తీసి పక్కన పెట్టాను, వేళ్లు లోపల ఉన్నప్పుడు ఎవడో బటన్ నొక్కకుండా. పక్క మూత తీశాను, బెల్టు మీద గార్డు ఒకటుంటే అదీ తీశాను. తెగిన బెల్టు పీచు పీచుగా వెనక పుల్లీ చుట్టూ చుట్టుకుపోయి ఉంది, కొబ్బరిపీచు లాగ. ఆ పీచు ఒక్క పోగు కూడా వదలకుండా తీయాలి, లేకపోతే కొత్త బెల్టు పది నిమిషాల్లో పోతుంది. బండితో పాటు ఇచ్చే చిన్న పనిముట్టుతో వెనక పుల్లీ రేకుల్ని వెడల్పు చేసి, బెల్టుని ముందు పుల్లీ మీదికి ఎక్కించి, వెనకదాంట్లోకి దించాలి. బెల్టు మీద బాణం గుర్తో రాతో ఉంటుంది, అది తిరిగే వైపుకే ఉండాలి. తెలిసినవాడికి పది నిమిషాల పని. నాకు నలభై నిమిషాలు పట్టింది.

ఎందుకు పట్టిందో చెప్తాను, నవ్వుకోండి. ముప్పై ఏళ్ల అలవాటు నాది, నట్టు విప్పితే కింద పడకుండా పెదాల మధ్య పెట్టుకుంటాను. షాపులో చూసినవాళ్లకు తెలుసు. అక్కడ గార్డు నట్టు విప్పి అలాగే పెదాల మధ్య పెట్టాను. మైనస్ 24లో ఇనప నట్టు! అది అంటుకుపోయింది. ఊదినా రాదు, లాగితే చర్మం వస్తుంది. మావాడు వాడి ఫ్లాస్కులో టీ మూతలో పోసి నా మూతి మీద ఒంపాడు, అప్పుడు ఊడింది, పెదవి తోలు కొంచెం తీసుకునే ఊడింది. వారం రోజులు పచ్చిమిరపకాయ తినలేదు. కాబట్టి వట్టి చేతుల్తో ఇనుముని పట్టుకోకండి, పలచటి గ్లౌజు ఒకటి లోపల ఉండాలి, పని చేసేటప్పుడు మందం గ్లౌజు తీసినా అది ఉండాలి.

అసలు సంగతికి వస్తాను. నేను మూతి మీద టీ పోయించుకుంటుండగా మావాడి స్నేహితుడు ఫోన్‌లో మ్యాపు తీశాడు. సిగ్నలు లేకపోయినా మ్యాపు ఉంది. 'అడ్డంగా పోతే హైవే మూడు కిలోమీటర్లే, నేనూ వీడూ నడిచిపోతాం' అన్నాడు. మూడు కిలోమీటర్లంటే అలిపిరి మెట్లదారిలో సగం కూడా కాదు కదా అన్నట్టుంది వాడి మొహం. నేను లేచి, ట్రైల్ పక్కకు ఒక అడుగు వేసి చూపించమన్నాను. వేశాడు. తొడదాకా దిగబడ్డాడు. బయటికి లాగడానికి ఇద్దరు పట్టారు. చదును చేసిన దారి మీద మనిషి నడవగలడు, దాని పక్కన వందడుగులు కూడా నడవలేడు. మ్యాపుకి ఆ సంగతి తెలీదు.

నేనంత గట్టిగా వద్దనడానికి వేరే కారణం ఉంది. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, తప్పు నాదే గనక. 1993 ఏప్రిల్‌లో నేనూ నా స్నేహితుడూ ఆర్‌ఎక్స్ మీద తలకోన బయల్దేరాం. ఆ బండికి ఆయిల్ పంపు ఉంటుంది, ఆటోల్యూబ్ అంటారు, పెట్రోల్లో ఆయిల్ అదే కలుపుకుంటుంది. నేను పెద్ద మొనగాణ్ని కదా, పంపు పీకేసి ట్యాంకులోనే కలిపే పద్ధతి పెట్టాను. ఆరోజు తొందరలో తక్కువ కలిపాను. భాకరాపేట దాటి అడవిలోకి వెళ్లాక పిస్టన్ పట్టేసింది, మెకానిక్ బండే సీజ్ అయింది. రోడ్డు పక్కన నిలబెట్టి, 'ఈ గుట్ట దిగితే నెరబైలు వచ్చేస్తుంది' అని నా స్నేహితుడంటే, అడ్డదారిన దిగాం. గుట్ట దిగితే ఇంకో గుట్ట వచ్చింది. సీసాలో నీళ్లు మొదటి గంటలోనే అయిపోయాయి. రాత్రి ఒక బండ మీద పడుకున్నాం, పడుకున్నామంటే కూర్చున్నాం. తెల్లారి మేకలు తోలుకొచ్చిన పెద్దాయన ఒకాయన మమ్మల్ని చూసి, ముందు నీళ్లిచ్చి, తర్వాత తిట్టాడు.

ఊళ్లోకి వచ్చాక తెలిసింది. మేము బండి వదిలి పోయిన రెండు గంటలకే అడవిశాఖ జీపు ఆ దారిన వచ్చిందట. బండి చూసి ఆగి, హారన్ కొట్టి కొట్టి, ఎవరూ పలక్కపోతే వెళ్లిపోయారట. బండిని చూసినవాళ్లకు బండి దొరికింది, మేము దొరకలేదు. ఒక్క రెండు గంటలు చెట్టు నీడన కూర్చుని ఉంటే సాయంత్రానికి ఇంట్లో అన్నం తినేవాణ్ని.

మీ వీడియోలో పిల్లలు చేసింది సరిగ్గా అదే. అడవిలో మనిషి చిన్నవాడు, బండి పెద్దది. దాని రంగు, దాని రేకు, దాని లైటు దూరానికి కనిపిస్తాయి. అది ట్రైల్ మీద ఉంటుంది, వెతికేవాళ్లు ముందు ట్రైల్ మీదికే వస్తారు. దాని సీటు మీద కూర్చుంటే కింద మంచు తగలదు. దాన్లో పనిముట్లు, పెట్రోలు ఉంటాయి. అన్నీ దాని దగ్గర వదిలేసి ఒట్టి కాళ్లు తీసుకుని పోతారేంటి?

బండి ఆగిన మొదటి పది నిమిషాల్లో చేసేది ఏంటో నాకు తెలిసినంతలో చెప్తాను. అది మలుపు దాటాక ఆగితే ముందు దాన్ని కుడి అంచుకు తొయ్యండి, ఎదురుగా వచ్చేవాడికీ వెనక వచ్చేవాడికీ మీరు కనపడరు, వాళ్లు మీలాగే వేగంగా వస్తుంటారు. మన ఘాట్ రోడ్ల మీద లారీ ఆగితే డ్రైవర్లు వెనకాల పచ్చి కొమ్మలు నరికి పెడతారు, రాళ్లు పెడతారు, చూశారుగా. (రాళ్లు అక్కడే వదిలేసి పోతారు, దాని గురించి ఇంకో ఉత్తరం రాయాలి.) అలాగే మీలో ఒకడు మలుపుకి అవతల నిలబడి చెయ్యి ఊపాలి. గడ్డకట్టిన చెరువు మీద ఆగితే మాత్రం మొదటి పని ఒడ్డుకు చేరడం. ఐసుకీ పైన మంచుకీ మధ్య నీళ్లు ఊరి ఉండే చోట్లుంటాయి, అక్కడ ఆగితే ట్రాకు గడ్డకట్టుకుపోతుంది, బూటులోకి నీళ్లు పోతే కాలు పోతుంది.

తర్వాత ఎర్ర బటన్ చూడండి. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది గానీ రాయాలి. లీలామహల్ సర్కిల్ నుంచి మా షాపుదాకా బండి తోసుకుంటూ, చొక్కా తడిసిపోయి వచ్చినవాళ్లు ఎంతమందో. నేను వంగి కిల్ స్విచ్ ఆన్ చేసి సెల్ఫ్ నొక్కితే స్టార్ట్. పది రూపాయలు కూడా తీసుకోను, తీసుకుంటే పాపం. మీ బండికి ఆ ఎర్ర బటన్‌తో పాటు ఒంటికి కట్టుకునే తాడు కూడా ఉంటుంది, మనిషి కింద పడితే ఇంజిన్ ఆగేలాగ. ఆ తాడు చివరుండే టోపీ సరిగా కూర్చోకపోయినా బండి లేవదు. మంచులో పడి లేచాక బండి స్టార్ట్ కాలేదంటే ముందు అదే చూడాలి.

టూ స్ట్రోక్ అయితే తర్వాత ప్లగ్గు. చలిలో పెట్రోలు ఎక్కువ మింగి ప్లగ్గు తడిసిపోతుంది. విప్పితే నల్లగా, తడిగా, పెట్రోలు కారుతూ వస్తుంది. రెండు కొత్త ప్లగ్గులు, వాటికి సరిపోయే పానా జేబులో ఉండాలి, బండి మూలన ఎక్కడో కాదు. రేజు పూర్తిగా తెరిచి నాలుగుసార్లు తాడు లాగితే లోపలి తడి ఆరుతుంది. ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలు రావట్లేదని. ట్యాంకు సగం ఖాళీగా ఉంచితే గోడలకు తేమ పట్టి నీళ్లవుతాయి, ఆ నీళ్లు పైపులో గడ్డకడతాయి. అక్కడ దానికోసం పెట్రోల్లో కలిపే మందు సీసాల్లో అమ్ముతారు. ఇంజిన్ ఆయిల్ వేరే డబ్బాలో ఉంటుంది మీ టూ స్ట్రోకులకి, దాని లైటు వెలిగితే ఆగిపోవాలి, నా ఆర్‌ఎక్స్‌కి పట్టిన గతి గుర్తుంచుకోండి. ఫోర్ స్ట్రోకు అద్దెబండి అయితే ఈ ప్లగ్గు గొడవ తక్కువ, కానీ బరువెక్కువ, కూరుకుంటే ఇద్దరు లేపలేరు.

ఇంకోటి మనవాళ్లకు అసలు తట్టదు. అంత చలిలో బండి వేడెక్కుతుందంటే మీరు నమ్మరు. రేడియేటరు లేకుండా, ట్రాకు మీదున్న రేకుల్లో కూలెంట్ తిరుగుతుంది, ట్రాకు విసిరే మంచుపొడి ఆ రేకులకు తగిలి చల్లబరుస్తుంది. ఒట్టి ఐసు మీద, గట్టిపడిన దారి మీద మంచుపొడి లేవదు. అప్పుడు వేడి పెరుగుతుంది, ట్రాకు కింద జారే ప్లాస్టిక్ పట్టీలు కూడా కరుగుతాయి. పక్కనున్న మెత్తటి మంచులోకి కాసేపు దిగి నడిపితే చల్లబడుతుంది. వేడి లైటు వెలగగానే బండి చెడిపోయిందని కంగారుపడి ఫోన్లు చెయ్యొద్దు.

ఇవేవీ కాకపోతే, బెల్టూ లేకపోతే, ఇంకో బండి ఉంటే కట్టి లాగించుకోండి. తాడు హ్యాండిల్‌కి కట్టకూడదు, ముందు మంచు మీద జారే రెండు స్కీలకూ కింద కట్టి మధ్యలో కలపాలి. లాగే ముందు బెల్టు తీసేస్తే ట్రాకు తేలిగ్గా తిరుగుతుంది, బెల్టు తీసినా బ్రేకు పనిచేస్తుంది, అందుకే వెనక బండి మీద ఒకడు కూర్చోవాలి, దిగుడు వస్తే ముందు బండిని గుద్దకుండా.

లాగేవాడు లేకపోతే కూర్చోవడమే. ఇక్కడ మన ఊరి బుద్ధి పనికిరాదు. మనకు ఎండలో కష్టం చేస్తే చెమట మంచిది, చల్లబడతాం. అక్కడ చెమట పడితే గంటలో అదే మిమ్మల్ని చల్లబరుస్తుంది, మరీ ఎక్కువగా. బండిని తోసేముందు పై జాకెట్ విప్పండి, తోశాక తొడుక్కోండి. ఆ వీడియోలో ఒకడు జీన్స్ ప్యాంటులో ఉన్నాడు. తడిసిన కాటన్ ఎంత చల్లగా ఉంటుందో మన తిరుమల చలికాలంలో తలస్నానం చేసి తడిబట్టల్తో నిలబడ్డవాణ్ని అడగండి, అదీ మైనస్ 24 కాదు. పొడి మేజోళ్లు ఒక జత, ఉన్ని టోపీ, అగ్గిపెట్టె ప్లాస్టిక్ కవర్లో. అక్కడ బర్చ్ అని తెల్లటి చెట్టు ఉంటుంది, దాని బెరడు తడిగా ఉన్నా అంటుకుంటుంది. కింద కొమ్మలు పరిచి మంట వేయాలి, లేదంటే మంట మంచులోకి దిగి ఆరిపోతుంది. దాహమేస్తే మంచు నమలొద్దు, కరిగించి తాగండి. ఫోన్ చొక్కా లోపల, ఒంటికి ఆనించి పెట్టండి, బయట పెడితే బ్యాటరీ అరగంటలో పడుకుంటుంది. ఐఫోన్ 14 నుంచి సిగ్నలు లేకపోయినా శాటిలైట్‌తో సాయం అడిగే వీలుందని మావాడు చూపించాడు. ఉంటే ఇంట్లో కూర్చునే దాన్ని ఎలా వాడాలో ఒకసారి నేర్చుకోండి. అక్కడ అత్యవసరానికి 911కి ఫోన్ చేసేటప్పుడు ట్రైల్ పక్కన బోర్డు మీద ఉండే నంబరు చెప్పండి. అందుకే బోర్డు దాటినప్పుడల్లా ఫొటో తీయండి, సెల్ఫీ తర్వాత.

ఇక గ్రూపు నడిపేవాళ్లకు. మీరు తప్పించుకోలేరు. పిల్లల్ని చేర్చుకుంటారు, బండ్లు మాట్లాడిపెడతారు, ఫొటోలు పెడతారు. బయల్దేరేముందు ఒక గంట ఎవరింటి ముందైనా, వెలుగులో, వెచ్చటి చేతులతో ఒక్కొక్కడి చేత బెల్టు విప్పించి వేయించండి. చెయ్యలేనివాడు వెనక సీటు మీద కూర్చుంటాడు, అంతే. ఒక్క బండితో ఎవరూ పోకూడదు. బండి ఆగితే జనాన్ని విడగొట్టకూడదు. ఒకవేళ రెండో బండిని సాయానికి పంపాల్సి వస్తే దాని పెట్రోలు ముందు చూడాలి. అక్కడివాళ్లు ఒక లెక్క చెప్తారు: మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ముట్టుకోకూడదు. మీ వీడియోలో సాయానికి పోయిన పిల్లలు ఆ మిగిలిన వంతు కూడా షికారుకే వాడేశారు. బెల్టు, ప్లగ్గులు, తాడు, టార్చి ప్రతి బండిలో ఉన్నాయో లేదో ఒక మనిషి చూసి, చూశానని గ్రూపులో రాయాలి. ఎవరు చూశారో తెలియకపోతే ఎవరూ చూడనట్టే.

ఇంకా ఒకటి. మీలో చాలామంది ఇంట్లో చెప్పరు. 'అమ్మకు చెప్తే టెన్షన్ పడుతుంది' అంటారు. పడనివ్వండి, అది ఆమె పని. మనం గడప దాటేటప్పుడు వెళ్తున్నా అనం, వెళ్లొస్తా అంటాం. ఎన్నింటికి వస్తావో ఆ మాటతో పాటు చెప్పండి. అక్కడే ఉండే ఒక స్నేహితుడికి, బండెక్కనివాడికి, ఏ ట్రైల్‌లో పోతున్నాం, ఎన్ని గంటలకు తిరిగొస్తాం, ఎన్నింటికి ఫోన్ రాకపోతే నువ్వు పోలీసులకు చెప్పాలి, ఈ మూడూ రాసి పంపి పోండి. చిత్తూరులో ఉన్న మీ నాన్నకు రాత్రి పదకొండుకు మీ అడవి ఎక్కడుందో వెతికే శక్తి లేదు.

ఇక్కడే ఉండి ఆదివారం ఆదివారం తలకోన, కైలాసకోన, పలమనేరు వైపు బండ్లేసుకుని పోయే కుర్రాళ్లు కూడా ఇది చదువుతున్నట్టయితే, మీకూ అంతే. శేషాచలం అడవిలో మంచు లేకపోవచ్చు, చిరుత ఉంది. 2023 ఆగస్టులో అలిపిరి మెట్లదారిలోనే ఒక ఆరేళ్ల పాప చిరుతకు బలైంది, అంత జనం తిరిగే దారిలో. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవిలో ఏనుగులున్నాయి. చీకట్లో బండి వదిలి అడ్డదారిన పోవడానికి అది మీ ఇంటి పెరడు కాదు. రెండు లీటర్ల నీళ్లు, క్లచ్ కేబుల్ ఒకటి, ప్లగ్గు ఒకటి పెట్టుకోండి, బండి ఆగితే రోడ్డు మీదే ఉండండి.

సడ్‌బరీ సంగతి పూర్తిచేస్తాను. బెల్టు వేశాక మావాణ్ని మెల్లగా తోలమన్నాను, కొత్త బెల్టు కొంతదూరం సర్దుకోవాలి గనక. ఆరుంబావుకు కారు దగ్గరికి చేరాం. చీకటిపడింది. హైవే మీద పోతూ, ఆ అడ్డదారి ఎక్కడ కలిసేదా అని మ్యాపులో చూపించమన్నాను. మధ్యలో ఒక వాగుంది. మ్యాపులో సన్నటి నీలం గీత, దాని మీద మంచు పరుచుకుని ఉంటుంది, అడుగున నీళ్లు పారుతుంటాయి. ఆ గీతని చూశాక స్నేహితుడు ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.

మీరు సంక్రాంతికో ఎండాకాలంలోనో ఊరికొస్తారు కదా. మామిడికాయలు, దర్శనం, పెళ్లిళ్లు అయ్యాక ఒకపూట షాపుకు రండి. మంచుబండి లేదు, యాక్టివా ఉంది, పుల్లీ అదే, బెల్టు అదే. కళ్లకు గంతలు కట్టి బెల్టు విప్పి వేయిస్తాను, చీకట్లో గ్లౌజులతో చేయడం అలాగే వస్తుంది. తెల్ల చొక్కా వేసుకుని రావద్దు. నట్లు పెట్టుకోవడానికి అగ్గిపెట్టెల డబ్బా నేనే ఇస్తాను.

ఇట్లు,
కొర్లగుంట షాపు మామ